ఐదుగురం కలిస్తే ఆ ఫోను ఆగుతుంది

(గురజాల డివిజన్ రైతుల శిక్షణ తరగతిలో సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



మన తరగతుల్లో ఎప్పుడూ మాట్లాడుకునే సంగతులు మీకు తెలుసు. కుడి కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, మిర్చి ధర ఎందుకు పడిపోయింది, పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో ఎంత కోత పెడుతున్నారు, కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు ఇవ్వదు. ఈ రోజు మాత్రం మనందరి జేబుల్లో ఉన్న ఫోను గురించి మాట్లాడదామని వచ్చాం. ఇంత చిన్న విషయానికి సంఘం ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. మొదట్లో మాకూ అలాగే అనిపించింది.

మొన్న మాచర్ల వైపు ఒక ఊరికి సభ్యత్వం రాయడానికి వెళ్ళాం. రావిచెట్టు కింద పది పన్నెండు మందిమి కూర్చున్నాం. గంటసేపట్లో నలుగురి ఫోన్లు మోగాయి. ఎత్తిన ప్రతివాళ్ళకీ అవతల నుంచి ఒకే మాట: "అన్నా, మీ మిరప తోటలో ముడత ఉందా? మా దగ్గర ఒక మందు ఉంది, ఒక్క స్ప్రేతో పోతుంది, పార్సిల్ పంపిస్తాం." నాలుగు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే మూడింటిలో ఒకే నంబరు ఉంది. అంటే ఎవరి దగ్గరో మన ఊరి జాబితా ఉంది. ఎవరు మిరప వేశారో, ఎవరి నంబరు ఏదో రాసుకుని వరసగా కొట్టుకుంటూ పోతున్నారు. మనం మాత్రం ఎవరికి వారు విసుక్కుని ఫోను పెట్టేస్తున్నాం. వాళ్ళు ఊరినంతా ఒక్కటిగా చూస్తున్నారు, మనం విడివిడిగా తప్పించుకోవాలని చూస్తున్నాం. ఈ రోజు మేం చెప్పదలుచుకున్నది ఈ తేడా గురించే.

పట్నం వాళ్ళు మనకు ఒక సలహా ఇస్తారు: తెలియని నంబరు ఎత్తకండి అని. ఆఫీసులో పనిచేసేవాళ్ళకు అది సరిపోతుందేమో. మనకు కుదరదు. తెలియని నంబరు నుంచి వచ్చే ఫోను కూలీల మేస్త్రిది కావచ్చు. గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాది కావచ్చు. కోల్డ్ స్టోరేజిలో మన టిక్కీల సంగతి చెప్పడానికి కావచ్చు. వరికోత మిషను డ్రైవరు "రేపు మీ పొలానికి వస్తున్నాం" అని చెప్పడానికి కావచ్చు. 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు ఎంతమంది రైతులు సరుకు కోల్డ్ స్టోరేజిల్లో పెట్టుకుని ఒక్క ఫోను కోసం ఎదురుచూశారో మీకు గుర్తుంది. ఫోను ఇప్పుడు మనకు వ్యవసాయ పనిముట్టు. దాన్ని కట్టేసి కూర్చోలేం. అందుకే ప్రతి ఫోనూ ఎత్తుతాం. మనం ఎత్తుతామని తెలిసే వాళ్ళు మనకు చేస్తారు.

మన ఊళ్ళకు వచ్చే అనవసరపు ఫోన్లు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది మందుల ఫోను. 2021-22 సీజనులో మిరపకు నల్ల తామర పురుగు పట్టినప్పుడు ఈ ప్రాంతం ఎంత నష్టపోయిందో వేరే చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి ముడత అనే మాట వింటేనే రైతు గుండె జారిపోతుంది. ఆ భయం మీదే వ్యాపారం. ఒక కౌలు రైతు మాతో చెప్పాడు: ఫోనులో ఆడమనిషి "అన్నా, అన్నా" అని మర్యాదగా మాట్లాడిందట. రెండు డబ్బాలకు 4,200 రూపాయలు పార్సిల్ తెచ్చినవాడి చేతిలో పెట్టాడు. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదు, తయారీ చిరునామా లేదు, బిల్లు లేదు. కొట్టాడు. ముడత అలాగే ఉంది. మళ్ళీ ఫోను చేస్తే స్విచ్చాఫ్. పోయింది 4,200 మాత్రమే కాదు. ఆ మందు పనిచేస్తుందని నమ్మి వారం రోజులు వేరే మందు కొట్టలేదు. ఆ వారంలో పురుగు తోటంతా పాకింది.

రెండోది అప్పు ఫోను. "సార్, మీకు రెండు లక్షల లోను మంజూరైంది, ఐదు నిమిషాల్లో ఖాతాలో పడుతుంది." ఇది ఎవరికి తగులుతుంది? బ్యాంకు తలుపు మూసేసినవాళ్ళకు. రెండు లక్షల వరకు పంట రుణానికి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అయినా కౌలు రైతు బ్యాంకుకు వెళ్తే పట్టాదారు పాసుపుస్తకం ఏదంటారు. అక్కడి నుంచి ఉత్త చేతులతో ఇంటికి వచ్చేసరికి ఈ ఫోను వస్తుంది. ముందు ప్రాసెసింగ్ ఫీజు 2,500 పంపమంటారు. ఆ తర్వాత జీఎస్టీ అంటారు, ఇన్సూరెన్స్ అంటారు. లోను రాదు. లేదంటే ఏదో యాప్ వేయించి, ఫోనులో ఉన్న బంధువుల నంబర్లన్నీ లాక్కుని, తర్వాత వాళ్ళకు ఫోన్లు చేసి పరువు తీస్తారు. అప్పు ఇచ్చే యాప్ మన ఫోనులోని నంబర్ల జాబితాను, ఫొటోలను చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అవి అడిగిందంటేనే ఆ యాప్‌ను అనుమానించాలి.

మూడోది పథకం ఫోను. పీఎం కిసాన్ విడత పడే రోజులు, అన్నదాత సుఖీభవ డబ్బులు పడే రోజులు దగ్గరకు వచ్చాయంటే ఈ ఫోన్లు పెరుగుతాయి. "మీ కేవైసీ ఆగిపోయింది, డబ్బు వెనక్కి పోతుంది, ఒక లింకు పంపుతున్నాం నొక్కండి, ఓటీపీ చెప్పండి." ఓటీపీ చెప్పమని ఏ అధికారీ ఫోను చేయడు. కేవైసీ అనుమానం వస్తే మన ఊరి రైతు సేవా కేంద్రానికి నడిచి వెళ్ళండి. వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఫైలును, దానికి పీఎం కిసాన్ అని పేరున్నా సరే, ముట్టుకోవద్దు.

ఈ మూడింటికీ మందు ఒకటే కాదు. మొదట చట్టం ఎలా ఉందో చూద్దాం.

అమ్మకపు ఫోన్లు వద్దనుకునేవాళ్ళ పేర్లు రాసుకునే పద్ధతి మన దేశంలో 2007లో మొదలైంది. అమెరికాలో అంతకు నాలుగేళ్ళ ముందు, 2003లో మొదలైంది. టెలికాం రంగాన్ని నియంత్రించే సంస్థ ట్రాయ్. అది 2010లో ఒక నిబంధన తెచ్చింది, 2018లో దాన్ని మార్చి గట్టి చేసింది, 2025 ఫిబ్రవరి 12న మరోసారి సవరించింది. ఈ చివరి సవరణలో మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

నిబంధన సారాంశం ఇది. సరుకు అమ్మడానికి ఫోను చేసే సంస్థ ముందు తన పేరు నమోదు చేసుకోవాలి. నమోదైన సంస్థ అమ్మకపు ఫోను చేస్తే అది 140తో మొదలయ్యే నంబరు నుంచే రావాలి. బ్యాంకుల లాంటి సంస్థలు మన ఖాతా పని మీద చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. బ్యాంకులు ఈ పద్ధతే పాటించాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. ఇక మన ఫోన్లలాగా మామూలు పది అంకెల నంబరు నుంచి సరుకు అమ్మే ఫోను వచ్చిందంటే అది నిబంధనకు విరుద్ధం. రావిచెట్టు కింద మోగిన నాలుగు ఫోన్లూ అలాంటివే.

ఇక్కడ ఒక మాట. మన ఊరి బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు తన సొంత ఫోను నుంచి మాట్లాడటం మనం చూస్తూనే ఉన్నాం. అలాంటప్పుడు తగాదా పడక్కర్లేదు. "సరే సార్, బ్రాంచికి వచ్చి మాట్లాడతాం" అని పెట్టేయండి. నిజమైన ఆఫీసరైతే రమ్మంటాడు. దొంగైతే "ఇప్పుడే చెయ్యాలి, సాయంత్రానికి గడువు అయిపోతుంది" అంటాడు. తొందర పెట్టడమే దొంగ గుర్తు.

ఇప్పుడు చేయాల్సిన పనులు. మొదటి పని, అమ్మకపు ఫోన్లు మాకు వద్దని నమోదు చేసుకోవడం. దీన్నే డీఎన్‌డీ అంటారు. దీనికి స్మార్ట్ ఫోను అక్కర్లేదు. బటన్ల ఫోనులో కూడా అవుతుంది. మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సున్నా కొట్టి, 1909కి పంపండి. టైపు చేయడం రానివాళ్ళు 1909కి ఫోను చేసి చెప్పవచ్చు. డబ్బు ఖర్చు కాదు. స్మార్ట్ ఫోను ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో కూడా చేసి పెడతారు.

సున్నా అంటే అన్నీ ఆపమని. కొన్నే ఆపుకునే వీలు కూడా ఉంది. దానికి ఎనిమిది రకాలు పెట్టారు: బ్యాంకులు, బీమా, ఆర్థిక సంస్థలు ఒకటి. స్థలాలు, ఇళ్ళు ఇంకొకటి. చదువులు, ఆరోగ్యం, వినియోగ వస్తువులు వాహనాలు, టెలికాం వినోదం, పర్యాటకం, ఆహార పానీయాలు మిగతావి. ఈ ఎనిమిదింటిలో వ్యవసాయం లేదు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అని ఒక గది లేదు. దేశంలో ఇంతమంది రైతులుంటే, రైతుకు ఫోను చేసి అమ్మేవాడి కోసం ఒక వరస పెట్టాలని ఎవరికీ తోచలేదు. అందుకే మనం ఒకటి రెండు అని ఏరుకోకుండా సున్నా పంపి అన్నీ ఆపుకోవడమే మంచిది.

దీనికి రైతులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నీ ఆపితే బ్యాంకు మెసేజ్‌లు ఆగిపోవా? తుపాను కబురు ఆగిపోదా? డబ్బులు పడ్డట్టు ఎలా తెలుస్తుంది?" ఈ భయంతోనే చాలామంది నమోదు చేసుకోవడం లేదు. ఆగవు. ఆగేవి అమ్మకపు ఫోన్లు, అమ్మకపు మెసేజ్‌లు మాత్రమే. ఖాతాలో డబ్బు పడిన మెసేజ్, ఓటీపీ, ప్రభుత్వం పంపే మెసేజ్ వస్తూనే ఉంటాయి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు పత్తి రైతుకు ఒక్క పూట ముందు కబురు ఎంత విలువైనదో చూశాం. డీఎన్‌డీలో ఉన్నా ప్రభుత్వ హెచ్చరికలకు అడ్డం లేదు.

మెసేజ్ ఏ రకందో గుర్తుపట్టే వీలు కూడా కొత్త సవరణలో పెట్టారు. పంపిన సంస్థ పేరు ఉండే చోట చివర గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. పి ఉంటే ప్రచారం, అంటే అమ్మకం. ఎస్ ఉంటే సేవ. టి ఉంటే లావాదేవీ. జి ఉంటే ప్రభుత్వం. పథకం పేరు చెప్పే మెసేజ్ మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చి, అందులో లింకు ఉందంటే దాన్ని నమ్మకండి.

రెండో పని ఫిర్యాదు. సంఘం అవసరం అసలు ఇక్కడే ఉంది.

డీఎన్‌డీలో నమోదు చేసుకుంటే నిబంధన పాటించే సంస్థలు ఆగుతాయి. నిబంధనే పట్టనివాడు, పది అంకెల నంబరు నుంచి చేసేవాడు ఆగడు. వాడిని ఆపేది ఫిర్యాదే. డీఎన్‌డీలో నమోదు కానివాళ్ళు కూడా వాడి మీద ఫిర్యాదు చేయవచ్చు. ఇంతకుముందు మూడు రోజుల్లోపల చేయాలని ఉండేది. ఇప్పుడు ఏడు రోజుల వరకు గడువు ఉంది. కోతల్లో ఉన్నా, మందు కొట్టే పనిలో ఉన్నా, ఆదివారం కూర్చుని చేసుకోవచ్చు.

ఎలాగంటే, ఫోను వచ్చిన అదే నంబరు నుంచి 1909కి మెసేజ్ పంపాలి. ఏం అమ్మబోయాడో నాలుగు మాటలు, కామా, వాడి నంబరు, కామా, ఫోను వచ్చిన తేదీ. అంతే. లేదా 1909కి ఫోను చేసి చెప్పాలి, లేదా యాప్‌లో పెట్టాలి. వచ్చిన ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకోవాలి. నమోదు కాని నంబరు మీద ఫిర్యాదు వస్తే టెలికాం కంపెనీ చర్య తీసుకోవడానికి ఇదివరకు 30 రోజుల గడువు ఉండేది. ఇప్పుడు ఐదు రోజులకు తగ్గించారు.

ఒక్క ఫిర్యాదుతో ఆ నంబరు ఆగిపోతుందా? ఆగదు. చాలామంది ఒకసారి ఫిర్యాదు చేసి, ఏమీ కాలేదని వదిలేసేది ఇందుకే. నిబంధనలో ఒక లెక్క ఉంది. ఇదివరకు ఏడు రోజుల్లో పదిమంది ఫిర్యాదు చేస్తేనే ఆ నంబరు మీద చర్య మొదలయ్యేది. 2025 సవరణ ఆ లెక్కను పది రోజుల్లో ఐదుగురికి తగ్గించింది. ఒకే మనిషి ఐదుసార్లు చేస్తే కాదు, వేర్వేరుగా ఐదుగురు చేయాలి.

ఈ లెక్కను రైతు కళ్ళతో చూడండి. పట్నంలో ఒక అపార్ట్‌మెంటులో ఉండే మనిషికి, తనకు వచ్చిన ఫోను పక్కింటివాడికి వచ్చిందో లేదో తెలియదు. మిగతా నలుగురిని ఎక్కడ వెతుకుతాడు? మనకు అలా కాదు. రావిచెట్టు కింద కూర్చుంటే తెలిసిపోతుంది. వాడు జాబితా పట్టుకుని ఊరు ఊరంతా కొడుతున్నాడు కాబట్టి, వాడి మీద ఫిర్యాదు చేయగల ఐదుగురు మన బజారులోనే ఉన్నారు. పదిమందిని వలలో వేసుకోవడానికి వాడు ఊరిని జాబితాగా రాసుకున్నాడు. ఆ జాబితానే వాడి మెడకు ఉచ్చు చేయవచ్చు.

నేరం తేలితే ఏమవుతుంది? మొదటిసారి, ఆ మనిషి పేరు మీద ఉన్న నంబర్లన్నింటి నుంచి బయటకు వెళ్ళే ఫోన్లను 15 రోజులు ఆపేస్తారు. మళ్ళీ చేస్తే అన్ని కంపెనీల దగ్గరా వాడి కనెక్షన్లన్నీ ఏడాదిపాటు తీసేస్తారు. "నంబరు మార్చి మళ్ళీ చేస్తాడు కదా" అని మీరు అనవచ్చు. నిజమే, కొందరు చేస్తారు. కానీ ఒక నంబరు కాదు, వాడి నంబర్లన్నీ పోతాయి. 2024 మొదటి ఆరు నెలల్లో నమోదు కాని ఇలాంటి నంబర్ల మీద దేశంలో 7.9 లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఆగస్టులో ట్రాయ్ గట్టి ఆదేశం ఇచ్చింది. సెప్టెంబరు మొదటికల్లా 2.75 లక్షల కనెక్షన్లు తీసేశారు, 50 సంస్థలను నిషిద్ధ జాబితాలో పెట్టారు. ఫిర్యాదులు కుప్ప పడ్డాకే కదలిక వచ్చింది. అర్జీ మీద ఒక్క సంతకం ఉంటే బల్ల మీదే ఉంటుందని, ఊరి సంతకాలు ఉంటే కదులుతుందని మనకు కొత్తగా చెప్పాలా?

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మనకు బాకీ లెక్క ఉన్న కొట్టు యజమాని ఫోను చేసినా, కమీషన్ వ్యాపారి సరుకు గురించి ఫోను చేసినా అది అమ్మకపు ఫోను కాదు. వాళ్ళ మీద కోపం ఉంటే దానికి వేరే దారులున్నాయి. ఈ ఫిర్యాదును పగ తీర్చుకోవడానికి వాడితే దాని విలువ పోతుంది.

మూడో పని, మోసం జరిగితే చేయాల్సింది. ఇది 1909 పని కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే 1930కి ఫోను చేయాలి. అది సైబర్ నేరాల సహాయ నంబరు. మనం ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపే అవకాశం అంత ఉంటుంది. పరువు పోతుందని రాత్రంతా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకుండా కూర్చున్నవాళ్ళు మాకు తెలుసు. తెల్లవారేసరికి ఖాతాలో ఏమీ మిగల్లేదు. మోసపోవడం తప్పు కాదు. డబ్బు పోకముందే మోసమని పసిగడితే, కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీలో చక్షు అనే విభాగం ఉంది, 2024 మార్చిలో మొదలైంది. అక్కడ ఆ నంబరు తెలియజేయవచ్చు. మన పేరు మీద మనకు తెలియకుండా ఎన్ని సిమ్ములున్నాయో కూడా సంచార్ సాథీలో చూసుకోవచ్చు. అది అందరూ ఒకసారి చూసుకోండి. మన ఆధార్ జిరాక్సు ఎక్కడెక్కడ ఇచ్చామో మనకే గుర్తుండదు.

మందుల విషయంలో ఇంకొక దారి ఉంది. పురుగుమందు అమ్మడానికి 1968 పురుగుమందుల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, తయారీదారు వివరాలు ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మినా లైసెన్సు ఉన్నవాళ్ళే అమ్మాలి. బయో మందు, గ్రోత్ మందు అని పేరు మార్చి అమ్మినా తప్పించుకోలేరు, బయో స్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. కాబట్టి ఫోనులో చెప్పిన పార్సిల్ వస్తే తీసుకోవద్దు. తీసుకుని ఉంటే డబ్బా, పార్సిల్ మీది చీటీ పారేయకుండా మండల వ్యవసాయ అధికారికి లిఖితంగా ఫిర్యాదు ఇవ్వండి. వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. రైతు వినియోగదారుడు కాడని విత్తన సంస్థలు వాదిస్తే, 2012లో మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చని తేల్చింది.

ముడతకు ఏం కొట్టాలో ఫోనులోనే అడగాలనుకుంటే ప్రభుత్వ కిసాన్ కాల్ సెంటరు ఉంది: 1800-180-1551. 2004 నుంచి నడుస్తోంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు కాదు. మనమే చేసే ఫోనుకూ, వాళ్ళు చేసే ఫోనుకూ తేడా పెట్టుకోండి. సలహా కావాలంటే మనం చేద్దాం. మన దగ్గరకు వెతుక్కుంటూ వచ్చిన సలహా వెనుక అమ్మకం ఉంటుంది.

మన నంబరును కాస్త పొదుపుగా వాడదాం. మందుల కొట్టులో లక్కీ డ్రా చీటీ, పొలం గట్టున కంపెనీ ప్రచార సభ, ఉచిత కళ్ళజోడు శిబిరం, ట్రాక్టరు మేళా: అన్నిచోట్లా పేరు, ఊరు, ఎకరాలు, పంట, ఫోను నంబరు రాయించుకుంటారు. ఒక టీ, ఒక టోపీ ఇచ్చి మన ఊరి జాబితా పట్టుకుపోతారు. మన వివరాలు మన అనుమతి లేకుండా ఇతర పనులకు వాడకూడదని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. "ఇది దేనికి?" అని అడిగే హక్కు మనకుంది. అడగండి. సమాధానం చెప్పలేకపోతే రాయించుకోనివ్వకండి.

చివరిగా, నిబంధనలు ఉన్నాయి కదా అని ప్రభుత్వాన్ని వదిలేయడం లేదు. మోసపోయినవాడే నంబరు రాసుకోవాలి, వాడే మెసేజ్ పంపాలి, వాడే ఇంకో నలుగురిని వెతుక్కోవాలి అంటే, భారమంతా బాధితుడి నెత్తిన పెట్టినట్టే. అందుకే సంఘం తరపున మూడు కోర్కెలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి రైతు సేవా కేంద్రంలో ఈ ఫిర్యాదులు తెలుగులో రాయించి 1909కి పంపే ఏర్పాటు ఉండాలి. రెండు, ఆ ఎనిమిది వరసల్లో తొమ్మిదోదిగా వ్యవసాయ సరుకులు చేర్చాలి, ఫోను మీద మందులు అమ్మేవాళ్ళ మీద వ్యవసాయ శాఖ తనంతట తానే దాడులు చేయాలి. మూడు, కౌలు రైతుకు బ్యాంకు అప్పు అందాలి. బ్యాంకు తలుపు తెరిచి ఉంటే అప్పు ఫోనుకు గిరాకీ ఉండదు.

ఈ కోర్కెలు నెరవేరే దాకా ఊరికే కూర్చోవద్దు. ప్రతి గ్రామ కమిటీ ఈ వారం రెండు పనులు చేయాలి. ఒకటి, సంఘం నోటుబుక్కులో ఒక పేజీకి గీతలు కొట్టి నాలుగు గదులు చేయండి: తేదీ, ఫోను చేసిన నంబరు, ఏం అమ్మబోయాడు, ఎవరికి వచ్చింది. రావిచెట్టు దగ్గరో, పాల కేంద్రం దగ్గరో ఎవరో ఒకరి దగ్గర ఆ పుస్తకం ఉండాలి. ఒకే నంబరు ఐదుగురి పేర్ల పక్కన పడగానే, ఆ ఐదుగురూ అదే రోజు తమ తమ ఫోన్ల నుంచి 1909కి ఫిర్యాదు పంపాలి. రెండు, చదువుకున్న పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళ ఫోన్లలో స్టార్ట్ సున్నా పంపించాలి. ఒక్క పూట పని.

మిత్రులారా, ధర కోసం యార్డు గేటు ముందు కూర్చున్నప్పుడు ఒక్కడివే వెళ్ళలేదు. నీళ్ళ కోసం కాలువ గట్టు మీదకు ఒక్కడివే వెళ్ళలేదు. ఈ ఫోను దగ్గర మాత్రం ఎందుకు ఒంటరిగా ఉండాలి? వచ్చే తరగతికి ప్రతి ఊరి నుంచి ఆ నోటుబుక్కు తీసుకురండి. ఏ నంబర్లు ఎన్ని ఊళ్ళలో పడ్డాయో అందరం కలిసి ఇక్కడే సరిచూద్దాం. ఇప్పుడు టీ తాగే ముందు, అందరూ ఫోన్లు బయటకు తీయండి. 1909.